కణ పొరలో ఇరుగుపొరుగు



కలరా క్రిమి మన పేగు గోడను తొలుచుకుని లోపలికి పోదు. పోతుందనే చాలామంది అనుకుంటారు. విబ్రియో కలరే అనే ఆ బాక్టీరియా పేగు లోపలి గోడను అంటిపెట్టుకుని ఉంటుందే తప్ప కణాల్లోకి దూరదు. అక్కడే ఉండి ఒక ప్రోటీన్‌ను వదులుతుంది. దాని పేరు కలరా టాక్సిన్. రోగిని గంటల వ్యవధిలో నీరసింపజేసి ప్రాణం మీదికి తెచ్చేది ఈ విషమే. ఇది చిన్న అణువేమీ కాదు. ఆరు ప్రోటీన్ గొలుసులు కలిసి ఏర్పడిన పెద్ద ముద్ద. అంత పెద్ద అణువు కణ పొరను దాటి లోపలికి ఎలా వెళ్తుంది? ఎక్కడో ఒక చోట దానికి పట్టు దొరకాలి. ఆ పట్టు ఇచ్చేది కణ పొర మీద ఉండే ఒక గ్లైకోలిపిడ్. అంటే తలలో చక్కెర, తోకలో కొవ్వు ఉన్న అణువు.

ఈ గ్లైకోలిపిడ్లు పొరలో ఎలా మసలుతాయి, ప్రోటీన్లను ఎలా పట్టుకుంటాయి, ఆ సంగతిని శాస్త్రజ్ఞులు కణాన్ని పక్కన పెట్టి కృత్రిమ పొరల మీద ఎలా తేల్చారు అన్నది ఈ ప్రసంగంలో చెబుతాను. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే. ప్రోటీన్ పట్టుకునేది చక్కెరనే. అయితే ఆ పట్టు కుదురుతుందా లేదా, కుదిరితే ఎంత గట్టిగా, కుదిరాక ఏం జరుగుతుంది అన్న మూడు విషయాల్లోనూ ఆ చక్కెర చుట్టూ ఉన్న పొరకు పెద్ద పాత్ర ఉంది.

ముందుగా కణ పొర సంగతి. దీని మందం సుమారు 5 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతును నానోమీటర్ అంటారు. ఈ పొరలో ఎక్కువ భాగం ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులు. వీటి తలలు నీటిని కోరుకుంటాయి, తోకలు నీటికి దూరంగా ఉండాలని చూస్తాయి. అందుకే తోకలను లోపలికి దాచుకుని, తలలను అటూ ఇటూ నీటివైపు పెట్టి, రెండు వరసలుగా పేరుకుంటాయి. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద పరిచారు. అది ఆక్రమించిన జాగా ఆ కణాల ఉపరితలానికి దాదాపు రెండింతలు వచ్చింది. పొరలో రెండు వరసలు ఉన్నాయన్న ఆలోచన అక్కడ పుట్టింది.

ఈ రెండు వరసల్లో బయటి వరసలో మాత్రమే, చక్కెర తలలను బయటికి పెట్టి, గ్లైకోలిపిడ్లు ఉంటాయి. చాలా కణాల్లో వీటి వాటా తక్కువే. నాడీకణాల్లో మాత్రం బాగా ఎక్కువ. మీ రక్తం ఏ గ్రూపో మీకు తెలిసే ఉంటుంది. ఎర్ర రక్తకణాల మీద గ్లైకోలిపిడ్లకూ గ్లైకోప్రోటీన్లకూ ఉన్న చక్కెర గొలుసు చివర ఏ చక్కెర ఉందన్నదే ఏ, బీ గ్రూపుల మధ్య తేడా. ఏ గ్రూపులో ఎన్-ఎసిటైల్ గాలక్టోజమైన్, బీ గ్రూపులో గాలక్టోజ్. ఓ గ్రూపులో ఆ చివరి చక్కెర ఉండదు. ఓ గ్రూపు వాళ్లకు కలరా సోకితే తీవ్రరూపం దాల్చే అవకాశం ఎక్కువని చాలా కాలంగా వైద్యులు గమనిస్తూ వచ్చారు.

కలరా టాక్సిన్ పట్టుకునే గ్లైకోలిపిడ్ పేరు జీఎం1. ఇది గాంగ్లియోసైడ్ల కుటుంబానికి చెందింది. దీనికి పొరలో పాతుకున్న కొవ్వు భాగం ఒకటి ఉంటుంది, దాన్ని సెరమైడ్ అంటారు. సెరమైడ్ మీద గ్లూకోజ్, దాని మీద గాలక్టోజ్, తర్వాత ఎన్-ఎసిటైల్ గాలక్టోజమైన్, చివర మరో గాలక్టోజ్ వరసగా ఉంటాయి. మధ్యలో ఉన్న గాలక్టోజ్‌కు కొమ్మలాగా సియాలిక్ ఆమ్లం అనే మరో చక్కెర అతుక్కుని ఉంటుంది. మొత్తం ఐదు చక్కెరలు. ఈ ఐదింటి అమరికను టాక్సిన్ గుర్తుపడుతుంది.

కలరా క్రిమి ఒక విషాన్ని వదులుతుందన్న సంగతి తేల్చింది మన దేశంలోనే. 1884లో రాబర్ట్ కాఖ్ కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసినప్పుడే, ఇది విషం ద్వారా పనిచేస్తూ ఉండాలని ఊహించాడు. ఊహను ప్రయోగంతో రుజువు చెయ్యడానికి ఇంకో డెబ్బై అయిదేళ్లు పట్టింది. ఆ పని చేసినవాడు కలకత్తాలో రోగవిజ్ఞాన శాస్త్రం బోధించిన డాక్టర్ శంభునాథ్ డే. ఆయన కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివర్లా దారంతో కట్టి, ఆ సంచిలోకి కలరా క్రిములను ఎక్కించాడు. సంచి నీటితో ఉబ్బింది. తర్వాత క్రిములు పెరిగిన ద్రవాన్ని వడపోసి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి, ఆ ద్రవాన్నే ఎక్కించాడు. అప్పుడూ సంచి ఉబ్బింది. క్రిమి లేకపోయినా రోగలక్షణం వచ్చిందంటే, పని చేస్తున్నది క్రిమి వదిలిన పదార్థమే. ఈ ఫలితం 1959లో నేచర్ పత్రికలో వచ్చింది. పెద్ద యంత్రాలేవీ లేవు, ఉన్నదల్లా సరైన ప్రశ్న. బతికి ఉండగా మన దేశంలో ఆయనకు దక్కవలసినంత గౌరవం దక్కలేదు. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

విషం ఉందని తేలాక, అది కణం మీద దేన్ని పట్టుకుంటుందన్న ప్రశ్న వచ్చింది. 1971లో వాన్ హేనింగెన్, ఆయన సహచరులు ఒక విశేషం చూశారు. గాంగ్లియోసైడ్లను ముందుగానే టాక్సిన్‌తో కలిపితే, టాక్సిన్ తన శక్తిని కోల్పోతోంది. అంటే టాక్సిన్ వాటిని పట్టుకుని, ఇక కణాన్ని పట్టుకునే వీలు లేకుండా పోతోందన్నమాట. ఆ తర్వాత 1973లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో యాన్ హోమ్‌గ్రెన్, లార్స్ స్వెన్నెర్‌హోమ్, వాళ్ల సహచరులు గాంగ్లియోసైడ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, టాక్సిన్ వెతుక్కునేది జీఎం1నే అని చూపించారు. ఒక ప్రోటీన్‌కు ఒక గ్లైకోలిపిడ్ గ్రాహకంగా పనిచేస్తుందని ఇంత స్పష్టంగా తెలిసిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఇక్కడి నుంచి అసలు చిక్కు మొదలైంది. సజీవ కణం మీద వేల రకాల అణువులు ఉంటాయి. ప్రోటీన్లు, చక్కెర గొలుసులు, రకరకాల కొవ్వులు, లోపలి నుంచి పొరను లాగిపట్టే పోగులు. వీటన్నిటి మధ్య ఏ ఒక్కదాని ప్రభావాన్నీ వేరుచేసి కొలవడం కష్టం. అందుకే శాస్త్రజ్ఞులు పొరను తమంతట తాము తయారుచేసుకున్నారు. అందులో ఏముందో వాళ్లకు తెలుసు, ఎందుకంటే వేసింది వాళ్లే. వీటినే నమూనా పొరలు అంటారు.

ఈ విద్యకు పునాది వేసినవాళ్లలో అగ్నెస్ పాకెల్స్ ఒకరు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో, విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే అవకాశం లేకుండా ఇంటి బాధ్యతలు చూసుకుంటూనే, ఒక రేకు తొట్టెలో నీళ్లు పోసి, నీటి మీద తేలే కొవ్వు పొరను పట్టీతో అటూ ఇటూ జరుపుతూ తలతన్యతను కొలిచింది. ఆమె రాసిన ఉత్తరాన్ని లార్డ్ రేలే 1891లో నేచర్ పత్రికలో అచ్చువేయించాడు. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అదే పద్ధతిని మెరుగుపరిచి, ఉపరితల రసాయన శాస్త్రంలో చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. గ్లైకోలిపిడ్లను ఒక్క వరసగా నీటి మీద పరిచి, కింద నీటిలో ప్రోటీన్‌ను కలిపి, పొర మీద ఒత్తిడి ఎలా మారుతుందో చూసే ప్రయోగాలు ఈనాటికీ ఇలాంటి తొట్టెలోనే జరుగుతున్నాయి.

1960ల్లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర బేబ్రహాంలో అలెక్ బాంగమ్ లైపోసోమ్లను కనుగొన్నాడు. ఇవి నీటిలో తేలే అతి సూక్ష్మమైన కొవ్వు బుడగలు. వీటిని ఎలా చేస్తారో కాస్త వివరంగా చెబుతాను. కోడిగుడ్డు పచ్చసొన నుంచి తీసిన లెసిథిన్‌ను క్లోరోఫామ్‌లో కరిగిస్తారు. అందులోనే కావలసినంత కొలెస్ట్రాల్, కావలసినంత జీఎం1 కొలిచి కలుపుతారు. గుండ్రటి అడుగున్న గాజు కుప్పెలో ఆ ద్రావణాన్ని పోసి, తిప్పుతూ క్లోరోఫామ్‌ను ఆవిరి చేస్తారు. గాజు లోపలి గోడకు పల్చటి కొవ్వు పూత అంటుకుని మిగులుతుంది. ఇప్పుడు అందులో ఉప్పునీటి బఫర్ పోసి కుదిపితే, ఆ పూత పొరలు పొరలుగా లేచి, చుట్టుకుపోయి బుడగలవుతుంది. తేటగా ఉన్న నీరు పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపంతా లైపోసోమ్లే. పొరను అలా కట్టమని ఎవరూ చెప్పనక్కర్లేదు. నీరు, కొవ్వు కలిసిన చోట అది తనంతట తానే ఏర్పడుతుంది. మరో పద్ధతిలో, సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపించేంత పెద్ద బుడగలు తయారుచేస్తారు. గాజు పలక మీద పొరను చదునుగా పరిచే పద్ధతి కూడా ఉంది.

మన దేశ శాస్త్రజ్ఞులు ఈ రంగంలోకి తొందరగానే వచ్చారు. 1975లో అవధేశ సురోలియా, బి.కె. బచావత్, ఎస్.కె. పొద్దర్ నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఆముదం గింజలో చక్కెరను పట్టుకునే ప్రోటీన్ ఒకటి ఉంది. ఇలాంటి ప్రోటీన్లను లెక్టిన్లు అంటారు. ఆ ఆముదపు లెక్టిన్, గాంగ్లియోసైడ్లు ఉన్న లైపోసోమ్లతో ఎలా వ్యవహరిస్తుందో వాళ్లు చూపించారు. లెక్టిన్‌కు చక్కెరను పట్టే చోట్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి కనుక, అది ఒక బుడగను ఒక పక్క, మరో బుడగను మరో పక్క పట్టుకోగలదు. అప్పుడు బుడగలు గుంపుకట్టి ద్రవం చిక్కగా మసకబారుతుంది. ఆ మసకను కొలిస్తే పట్టు సంగతి తెలుస్తుంది. మన తెలంగాణ, రాయలసీమ మెట్టభూముల్లో పండే ఆముదం గింజలోనే ఇంత శాస్త్రం ఇమిడి ఉంది.

సరే, మళ్లీ కలరా టాక్సిన్ దగ్గరికి వద్దాం. దాని ఆరు గొలుసుల్లో ఒకటి ఏ భాగం, విషం చేసే పని దానిది. మిగిలిన ఐదూ బీ భాగాలు, పట్టుకునే పని వాటిది. ఐదూ ఉంగరంలా గుండ్రంగా అమరి ఉంటాయి. ఒక్కో బీ భాగానికి జీఎం1ను పట్టే గుంట ఒకటి ఉంటుంది. ఐదు గుంటలూ ఉంగరానికి ఒకే పక్కన, కణ పొర వైపు తిరిగి ఉంటాయి. 1994లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విమ్ హోల్ బృందం ఈ పట్టును స్ఫటిక నిర్మాణం ద్వారా చూపించింది. గుంటలో లోతుగా దిగేది చివరి గాలక్టోజ్. దానికి పక్క నుంచి ఆసరా ఇచ్చేది సియాలిక్ ఆమ్లం. మిగిలిన చక్కెరలు ఎక్కువగా బయటే ఉండిపోతాయి.

ఒక్క గుంట పట్టు ఎంత బలం? జీఎం1 చక్కెర భాగాన్ని ఒక్కదాన్నే విడిగా తీసుకుని, అతికేటప్పుడు వెలువడే వేడిని కొలిచి, 2004లో లెక్కగట్టారు. వియోజన స్థిరాంకం, అంటే ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిదని చెప్పే సంఖ్య, 43 నానోమోలార్ వచ్చింది. ప్రోటీన్లు చక్కెరలను పట్టే తీరు సాధారణంగా దీనికి వెయ్యి రెట్లు, పది వేల రెట్లు బలహీనంగా ఉంటుంది. ఆ లెక్కన కలరా టాక్సిన్ పట్టు అసాధారణమైంది. పైగా పొర మీద ఐదు గుంటలూ ఒకేసారి పనిచేస్తాయి. ఒక పట్టు జారినా మిగిలిన నాలుగూ నిలిపి ఉంచుతాయి, ఈలోగా జారినది మళ్లీ కుదురుకుంటుంది. అందుకే పొరకు అంటిన టాక్సిన్ ఒక పట్టాన ఊడిరాదు.

ఇంతవరకు చూస్తే, జీఎం1 ఎంత ఎక్కువ ఉంటే టాక్సిన్ అంత బాగా అంటుతుందని అనిపిస్తుంది. నమూనా పొరలు ఈ అంచనాను తలకిందులు చేశాయి. 2007లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పాల్ క్రెమర్ బృందం గాజు మీద పరిచిన పొరల్లో జీఎం1 పాలు క్రమంగా పెంచుతూ పోయింది. జీఎం1 పెరిగేకొద్దీ టాక్సిన్ పట్టు బలహీనపడింది. కారణం, జీఎం1 అణువులు ఒకదాన్నొకటి చేరి గుంపులు కట్టడం. వాటి చక్కెర తలలు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలతో ముడిపడతాయి. వత్తుగా నాటిన మడిలోకి చెయ్యి దూర్చి కలుపు తీయడం ఎంత కష్టమో, అలా గుంపుకట్టిన తలల మధ్యకు దూరి ఒక్కొక్క గాలక్టోజ్‌ను పట్టుకోవడం టాక్సిన్‌కు అంత కష్టం. పల్చగా ఉన్నప్పుడే అది సులువుగా దొరుకుతుంది.

పక్కనున్నది కొలెస్ట్రాల్ అయితే ఏమవుతుంది? ఇది ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి. 2011లో డేనియల్ లింగ్‌వుడ్, కై సైమన్స్, వాళ్ల సహచరులు గ్లైకోలిపిడ్ల తల భంగిమను పరిశీలించారు. పక్కన కొలెస్ట్రాల్ ఉంటే ఆ చక్కెర తల నిటారుగా నిలబడకుండా పొర మీదికి వాలుతుంది. వాలిన తలను టాక్సిన్ అందుకోలేదు. జీఎం1 ఉంటుంది, కానీ టాక్సిన్‌కు లేనట్టే. సజీవ కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను తీసివేస్తే, అంతవరకు దొరకని జీఎం1 బయటపడి టాక్సిన్ ఎక్కువగా అంటుకుంది. అంటే కణం తన మీద ఉన్న గ్రాహకాల్లో కొన్నిటిని కొలెస్ట్రాల్‌తో దాచి ఉంచగలదు. కొలెస్ట్రాల్ అనగానే రక్తనాళాల్లో పూడికలే మనకు గుర్తొస్తాయి. ప్రతి కణ పొరకూ అది అవసరమైన దినుసని, గ్రాహకాల పని తీరును కూడా అది మార్చగలదని మనం తెలుసుకోవాలి.

పొరలో అణువులు ఒక చోట పాతి ఉండవు. రెండు వరసల పొర నిజానికి ద్రవం. అందులో ఒక లిపిడ్ అణువు సెకను వ్యవధిలో ఒకటి రెండు మైక్రాన్ల దూరం పక్కకు జారిపోగలదు. 1997లో కై సైమన్స్, ఎలీనా ఇకోనెన్ ఒక ప్రతిపాదన చేశారు. గ్లైకోలిపిడ్లు, స్ఫింగోలిపిడ్లు, కొలెస్ట్రాల్ కలిసి పొరలో కాస్త బిగువైన చిన్న చిన్న దీవులుగా చేరతాయని వాళ్లు చెప్పారు. వీటికి లిపిడ్ రాఫ్టులని పేరు వచ్చింది. పెద్ద బుడగల్లో వీటికి సాటివచ్చే విభజన కంటికి కనిపిస్తుంది. సరైన పాళ్లలో లిపిడ్లను కలిపి రెండు రంగుల మెరిసే అద్దకాలు వేస్తే, ఒకే బుడగ మీద రెండు రంగుల ప్రాంతాలు విడివిడిగా ఏర్పడతాయి. ఒకటి బిగువుగా, మరొకటి వదులుగా ఉండే ద్రవం.

2005లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి బుడగలతోనే ఒక ముఖ్యమైన ప్రయోగం చేశారు. అక్కడ బుడగ మొత్తం ఒకే రంగులో, ఏ విభజనా లేకుండా ఉంది. జీఎం1 కొద్దిగా కలిపి ఉంది. అందులో కలరా టాక్సిన్ బీ భాగాన్ని వేశారు. అది ఒక్కోసారి ఐదేసి జీఎం1లను చేరదీసేసరికి, అంతవరకు ఏకంగా ఉన్న పొర రెండు ప్రాంతాలుగా విడిపోయింది. దీవి ముందే ఉండి, టాక్సిన్ వచ్చి దాని మీద వాలలేదు. టాక్సిన్ వచ్చాకే దీవి ఏర్పడింది. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో లిపిడ్ రాఫ్టులను గుర్తుపట్టడానికి ఇదే టాక్సిన్ బీ భాగాన్ని రంగు వేసి వాడుతుంటారు. కాబట్టి ఆ రంగు కనిపించిన చోటల్లా రాఫ్టు ముందే ఉందని చెప్పలేం. కొలిచే సాధనమే కొలతను మార్చవచ్చునన్న ఈ హెచ్చరిక ప్రతి పరిశోధక విద్యార్థీ గుర్తుంచుకోదగింది.

పక్కకు చేరదీయడంతోనే ఆగదు, ప్రోటీన్ పొరను వంచగలదు కూడా. రక్త విరేచనాలు కలిగించే షిగా టాక్సిన్ ఇందుకు ఉదాహరణ. చిన్నపిల్లల్లో మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదకరమైన విషమిది. దీనికీ ఐదు బీ భాగాలుంటాయి, ఇది పట్టుకునే గ్లైకోలిపిడ్ జీబీ3. పారిస్‌లోని క్యూరీ సంస్థలో లుడ్గర్ జోహానెస్, ఆయన సహచరులు జీబీ3 ఉన్న పెద్ద బుడగలకు ఈ బీ భాగాన్ని కలిపి చూశారు. పొర లోపలికి గొట్టాలుగా ముడుచుకుపోయింది. ఆ బుడగలో ప్రాణం లేదు, శక్తినిచ్చే ఏటీపీ లేదు, పొరను లాగే పోగులు లేవు. చక్కెరలను పట్టుకుని గుమికూడడంతోనే పొర వంగింది. ఈ ఫలితం 2007లో వచ్చింది. మరో విశేషం కూడా గమనించండి. జీబీ3 తోక మెలిక ఉన్న అసంతృప్త కొవ్వు అయినప్పుడే గొట్టాలు వచ్చాయి. తోక నిటారైన సంతృప్త కొవ్వు అయితే ప్రోటీన్ అంటుకుంది గాని గొట్టాలు రాలేదు. ప్రోటీన్ ఆ తోకను ఏనాడూ తాకదు. అయినా ఫలితాన్ని మార్చింది తోకే.

కలరా టాక్సిన్ విషయంలోనూ ఇలాంటిదే తేలింది. కణంలోకి చేరాక జీఎం1 ఎటు ప్రయాణిస్తుందన్నది కూడా దాని కొవ్వు తోకను బట్టే ఉంటుంది. తోక పొట్టిదో, అసంతృప్తమో అయితే అది టాక్సిన్‌ను మోసుకుని కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ దాకా వెళ్లగలుగుతుంది. పొడుగైన సంతృప్త తోక ఉంటే దారి మళ్లి, వ్యర్థాలను అరిగించే లైసోసోమ్‌లో తేలుతుంది. బోస్టన్ పరిశోధకులు 2012లో ఈ సంగతి చెప్పారు.

రెటిక్యులమ్ దాకా చేరిన టాక్సిన్‌లో ఏ భాగం విడివడి కణ ద్రవంలోకి వస్తుంది. అక్కడ సంకేతాలను అందించే ఒక జీ ప్రోటీన్‌ను ఆగకుండా పనిచేసే స్థితిలో బిగించేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పోగవుతుంది. క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుంటాయి. క్లోరైడ్ వెంట సోడియం, సోడియం వెంట నీరు పేగులోకి పొర్లుతాయి. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. అయితే ఈ విషం ఒక దారిని చెడగొట్టలేదు. గ్లూకోజ్‌ను, సోడియంను జోడుగా లోపలికి తీసుకునే రవాణా ప్రోటీన్ మామూలుగానే పనిచేస్తుంది. ఓఆర్ఎస్ పొట్లంలో ఉప్పుతో పాటు గ్లూకోజ్ ఉండడానికి కారణం ఇదే. 1971లో బంగాళాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బన్‌గావ్‌లో, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి.

కలరా టీకాల్లో మన హైదరాబాదుకూ వాటా ఉంది. నోటి ద్వారా ఇచ్చే షాంకాల్ టీకాను శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసింది. 2024లో భారత్ బయోటెక్ హిల్‌కాల్‌ను విడుదల చేసింది. ఇవి చంపిన క్రిములతో చేసినవి. స్వీడన్‌లో పుట్టిన డ్యూకొరాల్ టీకాలో మాత్రం, చంపిన క్రిములతో పాటు టాక్సిన్ బీ భాగం కూడా ఉంటుంది. బీ భాగం ఒక్కటే ఉంటే హాని చేయదు. దాన్ని గుర్తుపట్టిన శరీరం, టాక్సిన్ జీఎం1ను అందుకోకుండా అడ్డుకునే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది.

గ్లైకోలిపిడ్ల ప్రాముఖ్యం కలరాతో తీరదు. గ్విలెన్-బారే సిండ్రోమ్ సంగతి మీరు వార్తల్లో వినే ఉంటారు. కాళ్లతో మొదలై పైకి పాకే కండరాల బలహీనత. దీనికి ముందు చాలామందికి కాంపిలోబాక్టర్ జెజునీ అనే క్రిమి వల్ల విరేచనాలు వచ్చి ఉంటాయి. ఆ క్రిమి పైపూతలో జీఎం1ను పోలిన చక్కెర అమరిక ఉంటుంది. క్రిమి మీదికి శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలు నాడుల మీద ఉన్న గాంగ్లియోసైడ్లను కూడా పట్టుకుంటాయి. ఇక్కడా పక్కనున్నవాటి పాత్ర బయటపడింది. గ్లాస్గోలో హ్యూ విల్లిసన్ బృందం 2009లో చూపించినదేమంటే, జీఎం1ను గుర్తుపట్టే కొన్ని ప్రతిరక్షకాలకు, పక్కన జీడీ1ఏ అనే మరో గాంగ్లియోసైడ్ చేరితే జీఎం1 చిక్కదు. జీఎం1ను ఒక్కదాన్నే పలక మీద పూసి రక్తపరీక్ష చేస్తే ఒక ఫలితం, నిజమైన నాడి మీద మరో ఫలితం. రోగనిర్ధారణ పరీక్షలు తయారుచేసేవాళ్లకు ఇది కీలకమైన సంగతి.

నమూనా పొరలకు పరిమితులు లేకపోలేదు. నిజమైన పొరలో లోపలి వరస వేరు, బయటి వరస వేరు. లైపోసోమ్‌లో సాధారణంగా రెండూ ఒకటే. నిజమైన పొరలో ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. మనిషి పేగు కణాల మీద జీఎం1 చాలా తక్కువ. ఫ్యూకోజ్ అనే చక్కెర ఉన్న గొలుసులను కూడా కలరా టాక్సిన్ పట్టుకుంటుందని 2015 తర్వాత వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి జీఎం1తోనే అంతా అయిపోయిందనుకోకూడదు. నమూనా పొర చెప్పిన దాన్ని కణం దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ సరిచూడాలి. కొలెస్ట్రాల్ విషయంలో, ప్రతిరక్షకాల విషయంలో జరిగింది అదే.

ఈ రంగంలో పనిచేయడానికి విదేశాలకే పోనక్కర్లేదు. హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధన సంస్థలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం, కొలెస్ట్రాల్‌కూ సెరటోనిన్ గ్రాహకానికీ ఉన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశోధించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ముస్తి జె. స్వామి లెక్టిన్ల మీద, లిపిడ్ పొరల మీద పనిచేశారు. మన జిల్లాల డిగ్రీ కళాశాలల్లో రసాయన శాస్త్రం చదువుతున్న పిల్లల్లో చాలామందికి ఈ పేర్లే తెలియవు.

కళాశాల అధ్యాపకులకు నా మనవి ఇది. కణ పొరను బల్ల మీద బొమ్మగా గీసి వదిలెయ్యకండి. గుడ్డు పచ్చసొన లెసిథిన్, ఒక గాజు కుప్పె, కొద్దిగా క్లోరోఫామ్, దాని ఆవిరిని బయటికి లాగే పెట్టె, కాస్త ఉప్పునీరు ఉంటే చాలు, మీ ప్రయోగశాలలోనే పిల్లలకు పొర ఏర్పడడం చూపించవచ్చు. చక్కెరను చూపించినప్పుడు దాని పక్కన ఏముందో కూడా అడగడం నేర్పండి. ఇక ఇంట్లో ఉన్న శ్రోతలకు ఒక్క మాట. విరేచనాలు పట్టుకుంటే, పెద్దలకైనా పిల్లలకైనా, వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. లీటరు పొట్లాన్ని మరిగించి చల్లార్చిన ఒక లీటరు నీటిలో పూర్తిగా కలపండి. కలిపిన ద్రావణాన్ని 24 గంటల్లోపే వాడండి. విరేచనాలు తగ్గకపోయినా, మనిషి మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.